అంతులేని బండకు అవతల

హరీష్ ఇంతవరకూ విమానం ఎక్కలేదు. అయినా విమానం ఎంత చప్పుడు చేస్తుందో ముందే లెక్కగట్టి చెప్పే చదువు మీద బెంగళూరులో పీహెచ్‌డీ చేస్తున్నాడు.

ఇంజిన్ వెనక నుంచి దూసుకొచ్చే గాలి బుసకు పక్కనే రెక్క అడ్డుంటే కింద ఇళ్లలో ఉన్నవాళ్లకు ఆ చప్పుడు ఎంత వినిపిస్తుంది? ఇదే అతని థీసిస్. పెద్ద కంప్యూటర్లు నెలల తరబడి చేసే ఈ లెక్కను అరపేజీ సూత్రంతో తేల్చేస్తానని ప్రొఫెసర్ హేమలత మేడమ్‌కు మాట ఇచ్చాడు. ఆమె నవ్వి, కొలిచి చూపించు, వచ్చి చూస్తానంది.

కొలవడానికి విమానం కావాలి. అది దొరకదు కాబట్టి పుంగనూరులో మేనమామ అంజినప్ప నడిపే గ్రానైట్ పాలిష్ షెడ్డుకు వచ్చాడు. బండల మీద దుమ్ము ఊదడానికి అక్కడ పెద్ద కంప్రెసర్ ఉంది. దాని పైపుకు సన్నటి ఇత్తడి మూతి బిగిస్తే అది ఇంజిన్. పక్కన నిలబెట్టిన నల్లబండ రెక్క. పనివాళ్లు టిఫిన్లు చేసి పాలిష్ మిషన్లు ఆన్ చేసేదాకా షెడ్డు అతని రాజ్యం.

"రెక్క తేలిగ్గా ఉండాల గదరా?" అన్నాడు అంజినప్ప, మనిషంత ఎత్తు బండను చూసి.

"నాకు నున్నగా ఉంటే సాలు మామా. బరువుతో పనిలేదు."

"ఎగరనంతవరకూ నాకూ ఇబ్బంది లేదులే," అని అంజినప్ప టీ తాగడానికి వెళ్లిపోయాడు.

మొదటి రోజు పొద్దున్నే హరీష్ చెవులకు మఫ్స్ తగిలించుకుని వాల్వు తిప్పాడు. బుస్సుమంది. ఆపి, మళ్లీ తిప్పాడు. మళ్లీ బుస్సుమంది. మూడోసారి తిప్పేసరికి కొబ్బరి చిప్ప ఒకటి వచ్చి కాళ్ల దగ్గర పడింది.

తలెత్తి చూశాడు. ప్రహరీ గోడ మీద ఒక అమ్మాయి తల కనిపించింది. కొప్పులో పెన్సిల్, మెడలో హెడ్‌ఫోన్స్, కళ్లలో కోపం. ఆ కోపం ఆమెకు చాలా బాగుందని హరీష్ మొట్టమొదట గమనించాడు. ఆమె ఏదో అంటోందని తర్వాత గమనించాడు. వాల్వు కాస్త తగ్గించి మఫ్స్ తీశాడు.

"ఏమప్పా, ఆ బుసబుస యాడ్నించి వస్తాండాది?"

"జెట్ నుంచి మేడమ్."

"జెట్టా? పుంగనూర్లోనా?"

"చిన్నదే మేడమ్."

"పెద్దదయితే ముందే సెప్పుంటావా?" ఆమె గోడ మీద మోచేతులు ఆనించింది. "సూడప్పా. లోపల ముసలామె పానం పోతాండాది. కడమాట సెప్పనీకి నోరు తెరిస్తే నువ్వు బుస్సుమనిపిస్తాండావు. మళ్లా తెరిస్తే మళ్లా బుస్సు. పాపం, ఆమె ఎన్నిసార్లని సచ్చేది?"

హరీష్ మొహం పాలిపోయింది. గబగబా వాల్వు కట్టేశాడు.

"సారీ మేడమ్. నాకు తెలీదు. డాక్టరుకి చూపించినారా?"

"నిన్ననే వచ్చి పోయినాడు. ఇంగ లాభం లేదన్నాడు," అని ఆమె గోడ దిగిపోయింది.

ఇక్కడ పాఠకులకు ఒక సంగతి చెప్పేయడం మంచిది. హరీష్‌కు మాత్రం చెప్పకండి.

ఆ ఇంట్లో ముసలామె లేదు. ఆ అమ్మాయి పేరు శాలిని. సొంతూరు మదనపల్లె. తండ్రి మునికృష్ణకు టమోటా మండీ ఉంది, ఇల్లు మండీ ఎదురుగానే. తెల్లారకముందే లారీల హారన్లు, వేలంపాటల కేకలు. శాలిని పనేమో పిల్లల కథలకు గొంతులివ్వడం. మైకు ముందు కూర్చుంటే లారీ లేని కథ ఒక్కటీ రికార్డయ్యేది కాదు. అందుకని పుంగనూరులో ఖాళీగా పడివున్న పెద్దమ్మ ఇంటికి వచ్చి, ఒక గది గోడలకు పరుపులు కట్టుకుని, ఒక్కతే ఉంటోంది. ఈ సంగతి ఆ వీధిలో అందరికీ తెలుసు. అంజినప్ప మేనల్లుడికీ తెలుసనుకుంది.

హైదరాబాదులో ఒక ఆడియో యాప్ వాళ్లు ఆమెకు పెద్ద సీరియల్ ఇచ్చారు. రామకుప్పం పక్క పల్లెలో ఒక అవ్వ, మనవడు, ఫారెస్టు వాచరు, రాగిచేనులో పడే ఏనుగు. గొంతులన్నీ శాలినివే. మునికృష్ణ మాత్రం ఒక్క మాటే చెప్పాడు. "ఇది గెలిస్తే నీ ఇష్టం. కంపెనీవోళ్లు వద్దంటే మాత్రం వచ్చి మండీలో కూసో. వేలం పాడనీకి నీ గొంతు బాగుంటాది." ఇంకొక ఆడపిల్లయితే నవ్వి ఊరుకునేది. శాలినికి భయం వేసింది, ఎందుకంటే నాన్న అన్నమాట నిజం. ఆమె గొంతుకు వేలంపాట నిజంగానే బాగుంటుంది.

పాలిష్ మిషన్లు మొదలైతే ఆమె పని ఆగిపోతుంది. కాబట్టి ఆమెకూ పొద్దుటి పూటే కావాలి. హరీష్‌కూ అదే పూట కావాలి. గొడవంతా అక్కడే ఉంది.

మర్నాడు గోడ దగ్గర హరీష్ బత్తాయిల సంచీతో నిలబడ్డాడు.

"జ్యూస్ తీయండి. గొంతుకు రొంత సుఖంగా ఉంటాది."

శాలిని గొంతు నిజంగానే పట్టేసింది. ఈ జెట్ మనిషికి ఎలా తెలిసిందబ్బా అని ముచ్చటపడి సంచీ అందుకుంది.

"ఇంకో మాట," అన్నాడతను. "మీ వైపు చప్పుడు రాకుండా నేను చూసుకుంటాను. జెట్టుకీ మీ గోడకీ మధ్యలో బండ నిలబెడతాను. చప్పుడు బండకు కొట్టుకుని నా వైపే తిరిగొచ్చేస్తాది. నా మోడల్ ప్రకారం మీకు పావు వంతు గూడా వినపడదు."

"బండ పక్కనించి దూరి రాదా?"

"రాదు. మోడల్లో బండకి అంతు లేదు."

శాలిని అతన్నీ, అతని వెనకున్న బండనీ మార్చి మార్చి చూసింది. "అంతులేని బండ మీ మామ యాడ కొన్నాడప్పా?"

"అంటే, లేదని అనుకుంటాం. లెక్క సులువవుతాది."

"మా నాయన గూడా అంతే. నేను మండీలో కూసుంటానని అనుకుంటాడు. ఆయనకీ లెక్క సులువు."

హరీష్ నవ్వాడు. నవ్వుతూనే ఆమె వెనక ఇంటివైపు ఒకసారి చూసి, నవ్వు తగ్గించుకున్నాడు. ప్రాణాపాయంలో మనిషి ఉన్న ఇంటి ముందు నవ్వడం పద్ధతి కాదు.

బండ మధ్యలోకి వచ్చింది. బుస నిజంగానే తగ్గింది. శాలిని గోడ మీద నుంచి బాగుందన్నట్టు బొటనవేలు ఎత్తి చూపించింది. ఆ బొటనవేలిని హరీష్ రోజంతా గుర్తు చేసుకున్నాడు. అవతలి వైపు కూడా ఒక మైకు పెట్టి కొలవాలని అతనికి తెలియకపోలేదు. కానీ పోయే ప్రాణం దగ్గరకు మైకు పట్టుకుని ఎలా వెళ్తాడు? అవతలి లెక్క మోడల్ చెబుతుందిలే అనుకున్నాడు.

వాల్వు కట్టేసినప్పుడల్లా గోడ అవతలి నుంచి గొంతులు వినిపించేవి. చప్పుళ్లు ఎక్కడెక్కడ పుడుతున్నాయో విడదీసి చెప్పడం హరీష్ వృత్తి. చెవి ఒగ్గి, సుద్దముక్కతో బండ మీదే రాసుకున్నాడు. దగ్గు ఉన్న ముసలామె. ఏడెనిమిదేళ్ల పిల్లోడు. బొంగురు గొంతు మగమనిషి. ఆమె. ఇంకొక శబ్దం మాత్రం ఏ లెక్కకూ అందలేదు. చాలాసేపు ఆలోచించి, పాత మిక్సీ అని రాశాడు.

రాసింది ఒకసారి చదివాడు. అత్తగారు, కొడుకు, మొగుడు. ఆ పొద్దు ఇంక వాల్వు తిప్పలేదు.

మధ్యాహ్నం అంజినప్ప కూడా అది చదివాడు. విమానాల లెక్కేమో అనుకుని తడిగుడ్డతో తుడిచి పాలిష్‌కు ఎక్కించాడు.

ఆ తర్వాతి రోజులన్నీ హరీష్‌కు నరకమే. మనసు గోడవైపు లాగుతుంది, బుద్ధి పెళ్లయిన ఆడమనిషి అని చెవి మెలిపెడుతుంది. జెట్టును రోజుకు కొంచెం బండ దగ్గరికి జరపడం అతని పని. ఆమె గోడ మీదకు వచ్చి "ఈ పొద్దు ఎంత?" అని అడగడం మామూలైంది.

"ఈ పొద్దు నాలుగు వేళ్లు."

"నిన్న జానెడన్నావు. పాపం ఆ బండకి భయం గాదా?"

ఒక పొద్దున ఉన్నట్టుండి చినుకులు పడ్డాయి. షెడ్డు రేకులు కారే చోటే హరీష్ మైకు ఉంది. అతను చొక్కా విప్పి కప్పాలా వద్దా అని ఆలోచిస్తుండగానే గోడ మీద నుంచి గొడుగు వచ్చింది.

"నీకు గాదు, మైకుకి," అంది శాలిని. "మనిషి తడిస్తే ఆరతాడు. మైకు తడిస్తే ఇంగ అంతే."

మైకుల మీద అంత ప్రేమ ఉన్న మనిషిని హరీష్ అంతవరకూ చూడలేదు. ఒక చినుకు ఆమె నుదుటి మీద పడి కంటి రెప్ప మీద ఆగింది. ఆమె దాన్ని తుడుచుకోలేదు, అతను చూడటం మానలేదు. ఆ బొంగురు గొంతువాడు ఎంత అదృష్టవంతుడో అనుకున్నాడు. ఇంట్లో వాడి మీద మొట్టమొదటిసారి కోపం వచ్చింది.

జెట్టు రెండు వేళ్ల దూరానికి వచ్చిన రోజున ముసలామె పోయింది.

హరీష్ స్వయంగా విన్నాడు. "నాయనా, రాగులు కోసినాక ఏనుక్కి కూడా రెండు కంకులు పెట్టు," అని ఆమె గొంతు వణికి, ఆగిపోయింది. వెంటనే పిల్లాడి ఏడుపు. ఆ తర్వాత ఏమీ లేదు. చావుబతుకుల్లో కూడా ఏనుగు ఆకలి గుర్తుపెట్టుకున్న మహాతల్లి అనుకుని హరీష్ కళ్లు తుడుచుకున్నాడు. స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని, బజారుకెళ్లి పూలదండ అడిగాడు.

"ఎంత పొడుగు కావాల?" అంది పూలామె.

"ముసలామె. చిన్న మనిషే అయ్యుంటాది."

తలుపు కొడితే శాలినే తీసింది. చేతిలో దోసె, మొహం నిండా వెలుగు.

"నాకు ఇప్పుడే తెలిసింది," అన్నాడు హరీష్, తల వంచుకుని.

"ఏంది?"

"ముసలామె…"

"ఓ, వినపడిందా? శానా బాగా పోయింది గదా. నాకే ఏడుపొచ్చింది." దోసె ఇంకో ముక్క తుంచుకుంది.

బాధ ఎక్కువైతే మనుషులు ఇలా అయిపోతారని హరీష్ ఎక్కడో చదివాడు. గొంతు తగ్గించాడు. "యాడ పడుకోబెట్టినారు?"

"ఎవర్ని?"

అతను దండ పైకెత్తాడు. శాలిని దండను చూసింది, తెల్లచొక్కాను చూసింది, ఎర్రబడ్డ కళ్లను చూసింది. దోసె ముక్క నోటి దగ్గర ఆగిపోయింది.

"ఏమప్పా, నిజంగా ముసలామె ఉండాదనుకున్నావా?"

"లేదా?"

"నేనే ముసలామె."

హరీష్‌కు అర్థం కాలేదు. ఆమె గొంతు సవరించుకుని, రెండుసార్లు దగ్గి, "ఎవురు నాయనా నువ్వు, దండ బాగుండాది," అంది. దగ్గుతో సహా అదే ముసలామె.

"మరి పిల్లోడు?"

"నేనే."

"మీ ఆయన?"

"మా ఆయన యాడ్నించి వచ్చినాడు?"

"బొంగురు గొంతు…"

"వాడు ఫారెస్టు వాచరు. అదీ నేనే." ఆమె గడప మీద కూలబడి నవ్వుతోంది.

"మరి పాత మిక్సీ?"

నవ్వు టక్కున ఆగింది. "మిక్సీనా? అది ఏనుగప్పా. వారం రోజులు గొంతు చించుకుని నేర్సుకున్నాను." ఈ ఒక్కదానికి మాత్రం ఆమె నిజంగా నొచ్చుకుంది.

హరీష్ ఇవేవీ వినడం లేదు. "అంటే మీకు పెళ్లి కాలేదు," అన్నాడు. అన్న తీరు అడిగినట్టు లేదు, పరీక్ష పాసైనట్టు ఉంది. మొహం అంతా వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి శాలిని చెంపలు వేడెక్కాయి. ఏం చేయాలో తోచక దండ లాక్కుని లోపలికి వెళ్లి మైకు స్టాండుకు తగిలించింది. హరీష్ వెనకే వచ్చి కింద కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే ఆమె ఫోన్ టింగుమంది. హైదరాబాదు నుంచి మెయిల్. చదువుతుంటే ఆమె మొహంలో రంగు మారింది.

"అన్ని ఎపిసోడ్లూ తిప్పి పంపించేసినారు," అంది మెల్లగా. "కింద ఏందో గుమ్ముమంటాందంట. ఆదివారం లోపల మళ్లా పంపకుంటే వద్దంట. నేను ఫ్రిజ్ అనుకుని ఆపేసినాను. ఫ్యాన్ ఆపేసినాను. యాడ్నించి వస్తాండాదో…"

ఆ పొద్దున వాల్వు తెరిచి ఉండగా తీసిన టేకు ఒకటి పెట్టింది. ముసలామె కడమాట కింద, లోతుగా, ఎవరో పెద్ద డ్రమ్ములో నోరు పెట్టి ఊదినట్టు గుమ్మ్ అని ఒక శబ్దం. జెట్టు జానెడు దూరంలో ఉన్న రోజుది పెట్టింది. సన్నగా ఉంది. నాలుగు వేళ్ల రోజుది పెరిగింది. రెండు వేళ్ల రోజుది ముసలామెను మింగేసింది.

హరీష్ లేచి నిలబడ్డాడు. అంతులేని బండకు నిజంగా అంతు ఉంది. గాలి బండను రాసుకుంటూ పోయి ఆ అంచు దాటేటప్పుడు కొత్త చప్పుడు పుడుతోంది. సన్నటి బుసను బండ ఆపింది, లావుపాటి గుమ్మును బండే పుట్టించింది. తన వైపు బుస మధ్యలో అది వినపడలేదు. అవతలి వైపు అదొక్కటే మిగిలింది. అరపేజీ సూత్రంలో లేని ముక్క ఇదే.

"ఇది మహా బాగుంది," అన్నాడు.

శాలిని రికార్డింగ్ ఆపేసింది.

"ఏంది బాగుండేది?" అంది శాలిని.

"అంచు. నా మోడల్ మొత్తం తప్పు. సూడండి, దగ్గరయ్యే కొద్దీ ఎంత చక్కగా పెరుగుతాందో…"

"నేను పోయి మండీలో కూసునేది నీకు చక్కగా ఉండాదా?"

అప్పుడు గానీ అతను ఆమె కళ్లను చూడలేదు. అందులో నీళ్లున్నాయి. నోరు తెరిచేలోపు అతను గడప బయట ఉన్నాడు, తలుపు లోపల వేసి ఉంది.

షెడ్డులో అంజినప్ప అంతా విని, బీడీ ఆర్పాడు.

"ఆ పాప ఒక్కతే ఉంటాదని నీకు తెలీదా?"

"నువ్వు చెప్పలేదు మామా."

"నువ్వు అడగలేదు గదరా. ఎంతసేపూ బండ మీద రాస్తాంటివి."

హరీష్ ఆ సాయంత్రమే జెట్టు విప్పేశాడు. శాంతిపురంలో నాన్న రెడ్డెప్ప బండలు కోసే యార్డు ఉంది. కానీ అక్కడ తెల్లారేసరికే రంపాలు మొదలవుతాయి. ఏ చప్పుడూ కొలవడానికి పనికిరాదు. అంటే ఈ ఏడాది థీసిస్ లేనట్టే. ఆ సంగతి తెలిసే సామాన్లు కట్టాడు. పోతూ పోతూ మామను ఒకటే అడిగాడు.

"ఆదివారం దాకా పాలిష్ మధ్యాహ్నం మొదలుపెడతావా?"

"నీ కోసమయితే పెట్టను," అన్నాడు అంజినప్ప. "ఆ పాప కోసమయితే సరే."

మరుసటి రోజు పొద్దున శాలిని కోపంగా రికార్డు చేసింది. ఆ మర్నాడు కోపం తగ్గి, టీ తాగుతూ గోడ ఎక్కి చూసింది. జెట్టు ఉన్న చోట ఖాళీ. గొడుగు మడిచి గోడకు ఆనించి ఉంది.

"యాడికి పోయినాడు?" అంది, అడగకూడదనుకుంటూనే.

అంజినప్ప చెప్పాడు. మిషన్లు ఎందుకు ఆలస్యమవుతున్నాయో కూడా చెప్పాడు. శాలిని టీ చల్లారిపోయింది.

పుంగనూరు ఇంత నిశ్శబ్దంగా ఎన్నడూ లేదు. ఆమె కోరుకున్నది అదే. అయినా టేకుకూ టేకుకూ మధ్య చెవులు గోడవైపే వెళ్లాయి. ఒక మనిషి చేసే గోల లేకపోతే బెంగగా ఉంటుందని ఆమె మండీ ఎదురుగా పుట్టి కూడా ఎరగదు. ముసలామె ఈసారి ఒక్క టేకులోనే పోయింది, ఎందుకంటే గొంతులో వణుకు తెచ్చుకోవాల్సిన పని లేకపోయింది.

ఆదివారం పంపింది. కంపెనీ వాళ్లు ఒప్పుకున్నారు, రెండో సీరియల్ కూడా ఇస్తామన్నారు. మదనపల్లెకు ఫోన్ చేస్తే, మునికృష్ణ ముందు ఆ పొద్దు టమోటా ధర చెప్పాడు. చివరికి, "సరే, వేలానికి ఇంకో గొంతు వెతుక్కుంటాలే," అన్నాడు.

సోమవారం అంజినప్ప శాంతిపురానికి బండలు ఎత్తుకుపోతుంటే, శాలిని లారీ ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. ఒళ్లో పెన్‌డ్రైవ్. అందులో చెడిపోయిన టేకులన్నీ ఉన్నాయి. జానెడు, నాలుగు వేళ్లు, రెండు వేళ్లు.

హేమలత మేడమ్ ఆ పొద్దే రైల్లో కుప్పంలో దిగి, యార్డుకు వచ్చింది. టెస్టు ఆగిపోయిందని హరీష్ ఫోన్‌లో చెప్పినా, టికెట్ కొన్నాను, ఎందుకు ఆగిందో వచ్చి వింటానంది. ఆమె కోసం రంపాలు ఆపారు. హరీష్ తల దించుకుని అంతా చెప్పాడు.

"అంచు అంటున్నావు, బాగానే ఉంది. అవతలి వైపు కొలిచావా?"

"లేదు మేడమ్. అవతలి ఇంట్లో ముసలామె…" అని మొదలుపెట్టాడు.

"నేను కొలిచినాను," అంది లారీలో నుంచి ఒక గొంతు.

హరీష్ తిరిగి చూశాడు. శాలిని లారీ దిగుతోంది. వచ్చి పెన్‌డ్రైవ్ అతని ముందుకు చాపింది.

హరీష్ దాన్ని తీసుకుని కొలతల కోసం తెచ్చిన పెద్ద స్పీకరుకు తగిలించాడు. జానెడు. నాలుగు వేళ్లు. రెండు వేళ్లు. గుమ్ము మెట్టు మెట్టుగా పెరిగింది. మేడమ్ కళ్లజోడు సర్దుకుంది. "ఇదే కావాల్సింది. ఇంకా ఉన్నాయా?"

హరీష్ తర్వాతి ఫైలు నొక్కాడు. అది పాత మిక్సీ.

చేలమీదికి ఏనుగులు దిగే శాంతిపురం పక్కన ఆ శబ్దాన్ని మిక్సీ అనుకునేవాళ్లు ఎవరూ లేరు. ఏనుగు ఘీంకారం యార్డంతా మోగింది. పనివాళ్లు క్షణంలో బండల దొంతరలు ఎక్కేశారు. ఇంట్లోంచి హరీష్ అమ్మ శాంతకుమారి స్టీలు తట్ట, గరిటె పట్టుకుని వాయిస్తూ బయటికొచ్చింది. రెడ్డెప్ప టపాసుల సరం తెచ్చి అంటించాడు. ఢమఢమల మధ్య ఏనుగు మళ్లీ అరిచింది. హరీష్ స్పీకరు ఆపడానికి పరిగెత్తి వైరు తట్టుకుని పడ్డాడు.

హేమలత మేడమ్ ఒక్కతే కుర్చీలోంచి కదల్లేదు. పొగ తగ్గాక, "ఈ శబ్దం నీ మోడల్లో ఉందా?" అని అడిగింది.

"లేదు మేడమ్."

"ఏనుగు యాడ?" అంటూ రెడ్డెప్ప అగ్గిపెట్టెతో వచ్చాడు.

శాలిని ముందుకొచ్చింది. "ఏనుగు లేదు నాయనా. నేనే." నమ్మరేమోనని, అందరి ముందూ మరోసారి ఘీంకరించింది. దొంతరలెక్కినవాళ్లు దిగబోయి మళ్లీ ఎక్కారు.

శాంతకుమారి తట్ట పక్కన పెట్టింది. తమ్ముడు అంజినప్ప నోటంట సంగతంతా విన్నది. అమ్మాయిని నెమ్మదిగా పైనుంచి కిందికి చూసింది.

"ముసలామె, పిల్లోడు, వాచరు, ఏనుగు, అన్నీ నువ్వేనా పాపా?"

"అవునమ్మా."

"మా ఇంట్లో ముగ్గురమే. బోసిగా ఉండాదని నేను ఎప్పుడూ అంటానే ఉంటా," అని కొడుకు వైపు ఒకసారి చూసి, మళ్లీ అమ్మాయి వైపు తిరిగింది. "నువ్వొక్కదానివి వస్తే ఇల్లంతా నిండుతాది." హరీష్ మోచేతి మీద మట్టి దులుపుకోవడంలో మునిగిపోయాడు.

అంచు ముక్క కలిపి సూత్రం మళ్లీ రాయమని హేమలత మేడమ్ చెప్పింది. అరపేజీ కాస్తా పేజీ అవుతుందని హరీష్ నసిగితే, పేజీ అయినా నిజం ఉంటే చాలంది. రాసే రీసెర్చ్ పేపర్లో ఆ అమ్మాయి పేరు కూడా పెట్టమని, భోజనానికి శాంతకుమారి వెంట లోపలికి వెళ్లింది.

బండల దొంతరల దగ్గర ఇద్దరే మిగిలారు. హరీష్ కొంచెం సేపు బండ అంచును వేలితో రాస్తూ నిలబడ్డాడు.

"ఆ పొద్దు బాగుందన్నాను. మీ పని చెడిపోయిందంటే నాకు నా లెక్కే కనపడింది. అది తప్పు."

"దానికే గదా అన్నీ వదిలేసి వచ్చేసినావు. మీ మామ సెప్పినాడు."

"ఇంకొకటి ఉండాది." అతను ఊపిరి పీల్చుకున్నాడు. "మీరంటే నాకిష్టం. మీకు పెళ్లయిందనుకున్నప్పుడు గూడా ఇష్టమే. శానా ఇబ్బంది పడినాను."

శాలిని నవ్వు ఆపుకుంది. "పెళ్లి కాలేదని తెలిసినాక ఏల సెప్పలేదు?"

"లెక్క వేసినాను. మీరు కాదంటారని వచ్చింది."

"ఇంతవరకూ నీ లెక్క ఒక్కటన్నా సరిగా వచ్చిందా?"

హరీష్ నిజాయితీగా ఆలోచించాడు. ముసలామె. మొగుడు. మిక్సీ. అంతులేని బండ. ఒక్కటీ రాలేదు. అంటే ఇది కూడా… అతని మొహం మెల్లగా, మబ్బు పక్కకు జరిగినట్టు వెలగడం మొదలుపెట్టింది. శాలిని ఆ మొహాన్ని పూర్తిగా వెలిగేదాకా చూసింది. తనకూ అంత సంతోషం వేస్తుందని ఆమె ఏ లెక్కా వేసుకోలేదు.

అంజినప్ప లారీ హారన్ కొట్టాడు. ఆమె వెళ్లి ఎక్కింది. లారీ గేటు దాటబోతుంటే కిటికీలోంచి తల బయటపెట్టింది.

"మదనపల్లెకి వచ్చి మా నాయనతో మాట్లాడు," అంది. అంతవరకూ తన గొంతుతోనే అంది. మిగతాది అనడానికి సిగ్గేసిందేమో, రెండుసార్లు దగ్గి, ముసలామె గొంతు అరువు తెచ్చుకుంది. "ఈతూరి ఒక దండ తెస్తే సాలదు నాయనా. రెండు తీసుకురా."

పనివాళ్లంతా ఆ ముసలామె ఎక్కడుందా అని చుట్టూ వెతికారు. హరీష్ ఈసారి వెతకలేదు.